సంపీడిత గాలికి శుద్ధి ఎందుకు?

చల్లని నీరు పోసిన చెంబు వెలుపల నీటి బిందువులు పట్టుట అందరెరిగినదే. అది గాలిలోని తేమయే. ఈ తేమయే యంత్రశాలలలో పెద్ద చిక్కు తెచ్చిపెట్టును.

ఆత్మకూర్ సమీపమున కృష్ణానదిపై దిగువ జూరాల జలవిద్యుత్కేంద్రము కలదు. అందలి ఆరు యంత్రముల మొత్తము సామర్థ్యము 240 మెగావాట్లు. ఇట్టి కేంద్రములలో జనరేటరును నిలుపు బ్రేకులకు, మరమ్మతు పనిముట్లకు సాధారణముగా సంపీడిత గాలిని వాడుదురు. ఆ గాలిలో నీరున్నచో గొట్టములు త్రుప్పు పట్టును. నూనె ఉన్నచో బ్రేకుల పట్టు సడలును.

ఈ నీరు ఎంత? వానకాలపు గాలి 35 డిగ్రీల వేడిమితో, 60 శాతము సాపేక్ష ఆర్ద్రతతో ఉన్నదనుకొందము. ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల ఆవిరి ఉండును. ఆ గాలిని వాతావరణ పీడనమునకు 8 రెట్లు వచ్చునట్లు నొక్కి, తిరిగి 35 డిగ్రీలకు చల్లార్చినచో అది ఎనిమిదవ వంతు చోటులో ఇమిడిపోవును. ఆ చోటులో 5 గ్రాముల ఆవిరియే నిలువగలదు. తక్కిన 19 గ్రాములు నీరగును. నిమిషమునకు 10 ఘనపు మీటర్ల గాలిని పీల్చు కంప్రెసరునుండి గంటకు 11 లీటర్లకు పైగా నీరు వచ్చునన్నమాట!

కనుక గాలిని మొదట చల్లార్చి, ఏర్పడిన నీటిని వేరుచేసి బయటికి వదలవలెను. పిదప ఫిల్టరు ధూళిని, నూనె తుంపరలను పట్టును. మిగిలిన ఆవిరిని డ్రయ్యరు తీయును. శీతలీకరణ డ్రయ్యరులో గాలిని సుమారు 3 డిగ్రీలకు చల్లార్చుదురు. మామూలు పనులకు ఇది చాలును. మిక్కిలి పొడిగాలి కావలసినచో సిలికా జెల్ వంటి తేమను పీల్చు పదార్థములు గల డ్రయ్యరును వాడుదురు. దానితో మైనస్ 40 డిగ్రీల వరకు చల్లబడినను నీరు ఏర్పడని గాలి లభించును. అయితే వేడి వాడని రకములో ఆ పదార్థమును తిరిగి ఆరబెట్టుటకే సుమారు 15 శాతము గాలి ఖర్చగును. కంప్రెసరును ఎన్నుకొనునపుడే దీనిని లెక్కలో చేర్చవలెను.

ఏ పనికి ఎంత శుద్ధి? ఐఎస్ఓ 8573-1 అను అంతర్జాతీయ ప్రమాణము ధూళికి, నీటికి, నూనెకు వేర్వేరు తరగతులను నిర్ణయించినది. పనికి తగిన తరగతిని ముందు తెలిసికొని, ఆపై పరికరమును ఎన్నుకొనవలెను.

పరిమాణము విషయమున మరొక మెలకువ కలదు. డ్రయ్యరు సామర్థ్యమును తరచు 35 డిగ్రీల గాలికి చెప్పుదురు. ఆ వేడిమిలో ఘనపు మీటరు చోటున 40 గ్రాముల ఆవిరి నిలుచును; 45 డిగ్రీలలో 65 గ్రాములు నిలుచును. వేసవిలో గాలి ఇంత వేడిగా వచ్చినచో డ్రయ్యరుపై తేమ భారము ఒకటిన్నర రెట్లు మించును. అందుచే లెక్క సగటు దినమునకు గాక, మండువేసవికి కట్టవలెను.

అట్లని అవసరమునకు మించిన ఫిల్టర్లు పెట్టుటయు తగదు. ప్రతి ఫిల్టరు గాలి నడకను కొంత అడ్డగించును. ఆ లోటు పూడ్చుటకు పీడనమును ఒక బార్ పెంచినచో, కంప్రెసరుకు సుమారు 7 శాతము విద్యుత్తు అదనముగా కావలయును. మురికి పట్టిన ఫిల్టరును సకాలమున మార్చుట, నిలిచిన నీటిని వదలుట కూడ శుద్ధిలో భాగములే.