రూల్‌కి లొంగని బంగారం

లోహానికి కార్బన్ మోనాక్సైడ్ అతుక్కుంటే, లోహం తన ఎలక్ట్రాన్లలో కొన్నింటిని దానికి తిరిగిస్తుంది. దాంతో కార్బన్-ఆక్సిజన్ బంధం వదులవుతుంది. 'బ్యాక్ బాండింగ్' పేరుతో ఇంటర్‌లో మనం బట్టీ పట్టిన పాఠమే ఇది. అయితే బంగారం దగ్గర ఈ రూల్ పనిచేయదు!

బంధాన్ని ఒక స్ప్రింగ్ అనుకోండి. బిగువుగా ఉంటే వేగంగా కంపిస్తుంది, వదులైతే నెమ్మదిస్తుంది. ఆ కంపనాన్ని కొలిచేవే ఇన్‌ఫ్రారెడ్, రామన్ స్పెక్ట్రోస్కోపీలు. విడి కార్బన్ మోనాక్సైడ్ రీడింగ్ 2143. దీని యూనిట్ సెంటీమీటర్ ఇన్వర్స్. నికెల్‌తో కలిస్తే దాదాపు 2058కి పడిపోతుంది. ఇంతవరకు పుస్తకం కరెక్టే.

1992లో హెల్గె విల్నర్, ఫ్రీడ్‌హెల్మ్ ఆబ్కె బృందం బంగారు అయాన్‌కు చెరోవైపు ఒక కార్బన్ మోనాక్సైడ్ ఉన్న లవణం వివరాలు ప్రచురించింది. రీడింగులు ఇన్‌ఫ్రారెడ్‌లో 2217, రామన్‌లో 2254. తగ్గాల్సింది పోయి పెరిగాయి! ఎందుకంటే ధనావేశమున్న బంగారం తన ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకుంటుంది, తిరిగిచ్చేది చాలా తక్కువ. పైగా ఆ ఆవేశం ప్రభావంతో బంధం ఇంకా బిగుస్తుంది. వీటినే 'నాన్ క్లాసికల్ కార్బొనిల్స్' అంటారు.

తయారీ కూడా తేలిక కాదు. ఇక్కడ కార్బన్ మోనాక్సైడ్ పట్టు బలహీనం. నీళ్లలాంటి మామూలు ద్రావణి తగిలితే దాన్ని నెట్టేసి తనే కూర్చుంటుంది. అందుకే ఫ్లోరోసల్ఫ్యూరిక్ ఆమ్లం, యాంటిమొనీ పెంటాఫ్లోరైడ్ లాంటి సూపర్ యాసిడ్ మాధ్యమాలు వాడారు.

మరి రెండు పరికరాలు రెండు అంకెలు చూపించాయేంటి? అణువు నిటారుగా, రెండు వైపులా ఒకేలా ఉంటే ఒకదానిలో కనిపించే కంపనం రెండోదానిలో కనిపించదు. అంటే ఆ రెండు అంకెలే అణువు ఆకారాన్నీ చెప్పేశాయన్నమాట.

'ఇదంతా మాకెందుకు?' అంటారా? ఫార్మా కంపెనీల క్వాలిటీ ల్యాబుల్లో ముడిసరుకు అసలుదో కాదో తేల్చడానికి ఇన్‌ఫ్రారెడ్ పరీక్షే చేస్తారు. బీఎస్సీ, బీఫార్మసీ వాళ్లకు మెషీన్ బటన్లు నొక్కడం వారంలో వచ్చేస్తుంది. పీక్ ఎందుకు జరిగిందో చెప్పగలగడమే అసలు నైపుణ్యం. రీడింగ్ పుస్తకంతో కలవకపోతే వెంటనే కొట్టేయకండి. ముందు శాంపిల్, మెషీన్ సరిచూడండి, మళ్లీ కొలవండి. అప్పటికీ అదే వస్తే కారణం వెతకండి.

ప్రాక్టీస్‌కి నిస్ట్ కెమిస్ట్రీ వెబ్‌బుక్‌లో ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఎసిటోన్, ఇథనాల్ పక్కపక్కన పెట్టి 1700 ప్రాంతంలో తేడా చూడండి. అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు.