పెట్టెమీది బొమ్మ, పెనంమీది రొట్టె

కామాఠిపురా గల్లీలలోగాని, ఫాక్‌లాండ్ రోడ్డు చాళ్లలోగాని ఏ యింటి అటక చూచినా రెండు తరాల పాత్రసామాను కనిపిస్తుంది. (ఆ రోడ్డుకు పఠ్ఠే బాపూరావు మార్గమని పేరు మార్చి ఎంతో కాలమైనా మన నోట పాతపేరే ఆడుతున్నది.) అడుగున ఇత్తడి బిందె, రాగి గంగాళం, కంచు గిన్నెలు. వాటిపైన రంగురంగుల అట్టపెట్టెలు. ఆ పెట్టెలమీదనుంచి సినిమా తారలూ, టెలివిజనులో వంటలు నేర్పే పెద్దలూ మనవంక చూచి చిరునవ్వు నవ్వుతుంటారు.

పాత్రమీద పేరుండడం మనకు కొత్తగాదు. సారెసామాను కొన్నప్పుడు ఇచ్చినవారి పేరూ తారీఖూ చెక్కించడం మన పెద్దల ఆచారం. ఆ పేరు అమ్మమ్మదో, మేనమామదో అయి వుండేది. పాత్ర సొట్టపోయినా ఆ పేరు చూచి పారవేయడానికి మనసొప్పేది కాదు. ఇప్పటి పేరు వేరు. వెనుకటి పేరు డబ్బు పెట్టినవారిది. ఇప్పటిది డబ్బు పుచ్చుకొన్నవారిది.

ఎంత పుచ్చుకొంటారని అడుగుతారా? అమెరికాలో జార్జి ఫోర్‌మన్ అనే ముష్టియోధుని పేరుతో 1994లో మాంసం కాల్చే విద్యుత్ పొయ్యి ఒకటి బజారుకు వచ్చింది. 1999లో ఆ కంపెనీవారు అతని పేరు వాడుకొనే హక్కుకు 13 కోట్ల 75 లక్షల డాలర్లు చెల్లించారు. పొయ్యికి కాదు సుమండీ, పేరుకు! మన దేశంలో 2013లో ప్రెస్టీజ్ వారు ఐశ్వర్యా రాయ్, అభిషేక్ బచ్చన్ దంపతులను తమ ప్రచారానికి కుదుర్చుకొన్నారు. సంజీవ్ కపూర్‌గారి సంగతి కొంత భిన్నం. 1993 నుంచి జీ టీవీలో వంటలు చూపి ఇంటింటా పరిచయమైన ఆయన 2009లో వండర్‌చెఫ్ కంపెనీ స్థాపనలో తానే భాగస్వామి అయ్యారు. గరిటె పట్టినవాడు పాత్రలమ్మితే అందులో కొంత న్యాయం వున్నది. అంతమాత్రాన ప్రతి పాత్రా ఆయన చేతిమీదుగా వచ్చిందని అనుకోరాదు.

మాకు తెలిసిన ఇళ్లలో ఇదొక చిన్న తగవుగా మారింది. భీషీ డబ్బు చేతికి వస్తుంది, పిల్ల పెండ్లి దగ్గరపడుతుంది. తల్లి స్టీలు, ఇత్తడి అంటుంది. పిల్ల తారబొమ్మగల సెట్టు పూర్తిగా కావాలంటుంది. ఒక్క పెనం కొంటే చాలదు, అదే రంగు కడాయి, అదే రంగు మూత, అదే రంగు గరిటెలు వుండాలి. పిల్లది తప్పని మేమనం. పది అడుగుల ఖోలీలో మసిలేని వస్తువొకటి మెరుస్తూ వుండాలని ఎవరికి వుండదు? కాని వాడుకలో ఏమవుతుందో చూడవలసి వున్నది.

అంటుకోని పూత పెనం దోసెకు దివ్యంగా వుంటుంది. నూనె కలిసి వస్తుంది, కడగడం సుళువు. జొన్నరొట్టె దగ్గరే చిక్కు. రొట్టెకు పెనం బాగా కాగాలి; ఆ పూత 260 డిగ్రీలు దాటితే చెడడం మొదలిడుతుంది, ఇంకా కాగితే పొగ వస్తుంది. పెద్దమంటమీద ఖాళీ పెనం పెట్టి, పిండి కలుపుతూ పొరుగింటి వదినగారితో మాట్లాడుతూ నిలబడితే అంత వేడి రావడం ఎంతసేపు? ఇనుప అట్లకాడ తగిలితే గీతలు పడతాయి. మేము చూచిన ఒక పెనం (ఎవరి పేరుదో చెప్పము) రెండవ దీపావళికే నడుమ తెల్లబారింది. అదే యింట్లో ముసలమ్మగారి ఇనుప పెనం ముగ్గురు కోడళ్లను చూచింది. చిన్న మిక్సీలదీ అదే కథ. పచ్చడికి, పొడులకు చక్కగా పనిచేస్తాయి. మినపపప్పు రుబ్బబోతే మోటారు వేడెక్కి మొరాయిస్తుంది. ఆ పని దానిది కాదు.

కొనేవారు పెట్టెమీది ముఖం వదిలి పెట్టె అడుగు చూడడం మంచిది. పూత పెనమైతే మందం ఎన్ని మిల్లీమీటర్లో, గ్యారంటీ పూతకు కూడానో, ఒక్క పిడికేనో అక్కడ వుంటుంది. ప్రెషర్ కుక్కరుకు ఐ.ఎస్.ఐ. ముద్ర 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి; ఫుట్‌పాత్‌మీద చవకగా దొరికేవాటిలో ఇది తప్పక వెదకాలి, ఏలనంటే అది ప్రాణాలతో పని. ఇక 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ప్రకటన జనాన్ని తప్పుదారి పట్టించేదైతే కంపెనీకే గాక పేరిచ్చిన ప్రముఖునికి కూడా మొదటిసారి 10 లక్షలదాకా, తిరిగి చేస్తే 50 లక్షలదాకా జరిమానా వేయవచ్చు. ముందుగా తగిన విచారణ చేసే ఒప్పుకొన్నానని చూపగలిగితే మాత్రం ఆ పెద్దమనిషి బయటపడతాడు.

సెట్లు కూడబెట్టేవారికి మరొక మాట. పూత పోయిన పెనానికి తిరుగు ధర దాదాపు లేదు. పాతచీరలకు పాత్రలిచ్చే భాండీవాలీ కూడా దానిని ముట్టదు. ఇత్తడి, రాగి అయితే నేటికీ తూకానికి విలువ కట్టి తీసుకొంటారు. చాళ్లు పడగొట్టి కొత్త భవనాలు కడతారన్న మాట నడుస్తున్న యీ రోజులలో, అటకలు దింపేటప్పుడు ఏది వుంచాలి, ఏది తీసివేయాలి అన్నది ఇంటింటి ప్రశ్న అయింది.

పాయ్‌ధునీ దగ్గర తాంబా కాంటా బజారులో స్టీలుమీదా ఇత్తడిమీదా పేర్లు చెక్కేవారు వున్నారు. వారికి తెలుగు రాదు గనుక, కావలసిన పేరు పెద్ద అక్షరాలతో కాగితంమీద వ్రాసి తీసుకొనిపోవాలి. చెక్కుతున్నంతసేపూ పక్కన నిలబడి ఒత్తులు సరిచూచుకోవాలి.