నత్త గుల్ల నేర్పిన నానో విద్య

కాలిఫోర్నియా తీరంలో రాళ్లను కరుచుకుని బతికే అబలోన్ అనే సముద్రపు నత్త గుల్లలో దాదాపు 98 శాతం కాల్షియం కార్బొనేటే. సుద్దలో ఉన్నదీ, మన కోస్తాలో గుల్లసున్నం కోసం బట్టీల్లో కాల్చే గుల్లల్లో ఉన్నదీ అదే పదార్థం. సుద్దను గోటితో గీస్తే పొడి రాలుతుంది. అబలోన్ గుల్ల మాత్రం సుత్తి దెబ్బకు కూడా ఓ పట్టాన లొంగదు. ఈ తేడా అంతా మిగిలిన రెండు శాతంలో ఉంది. అందులో ముఖ్యమైనవి ప్రొటీన్లు. గుల్ల లోపలి మెరిసే భాగంలో అర మైక్రాన్ మందం ఉన్న పలకలు వరసలుగా పేర్చి ఉంటాయి, పలకకూ పలకకూ నడుమ పలుచని ప్రొటీన్ పొర ఉంటుంది. ఇటుకల గోడకు అడుసు ఎలాగో ఈ పలకలకు ఆ పొర అలాగ. పగులు ఒక పలక దాటగానే మెత్తని పొరలో చిక్కి, దారి మళ్లి, బలం కోల్పోతుంది. ఇంత గట్టి సరుకును నత్త చల్లని సముద్రపు నీటిలో, కొలిమీ విషరసాయనాలూ లేకుండానే తయారు చేసుకుంటుంది.

ఏంజెలా బెల్చర్‌ను నానోశాస్త్రంలోకి నడిపించింది ఈ గుల్లే. 1967లో టెక్సస్‌లో పుట్టిన ఆమె, శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే 1997లో రసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొందారు. అబలోన్ గుల్ల బయటి పొరలో కాల్షియం కార్బొనేట్ కాల్సైట్ అనే స్ఫటికంగా, లోపలి పొరలో అరగొనైట్‌గా ఉంటుంది. ఒకే పదార్థానికి రెండు అమరికలన్నమాట. ఏది ఎక్కడ పెరగాలో నిర్ణయించేదేమిటి? గుల్ల నుంచి తీసిన ప్రొటీన్లను స్ఫటికాలు పెరుగుతున్న ద్రావణంలో కలిపితే కాల్సైట్ పెరుగుదల అరగొనైట్‌గా మారిపోయింది. బెల్చర్, ఆమె సహచరులు 1996లో ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. నత్తతో పని లేదు, దాని ప్రొటీన్లు చాలని తేలింది.

ప్రొటీన్ల తయారీకి ఆదేశాలు జన్యువుల్లో ఉంటాయి. అంటే ఒక ఖనిజాన్ని ఎలా పేర్చాలో చెప్పే సూచన డీఎన్ఏలో రాసి ఉందన్నమాటే. నత్తకు సముద్రంలో కాల్షియం దొరికింది కనుక దానితో గుల్ల కట్టుకుంది. గాలియం ఆర్సెనైడ్ లాంటి సెమీకండక్టర్లను ఏ జీవీ వాడుకోలేదు, ఆ అవసరం రాలేదు. అయితే వాటిని పట్టుకునే ప్రొటీన్ ముక్కలను మనిషి వెతికి పట్టుకోలేడా? బెల్చర్ పరిశోధన మలుపు తిరిగింది ఈ ప్రశ్న దగ్గరే. డాక్టరేట్ తరవాత ఆమె ఎవెలిన్ హూ అనే శాస్త్రవేత్త వద్ద ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ వైపు వెళ్లారు. రసాయన శాస్త్రజ్ఞురాలు అటు వెళ్లడం అప్పట్లో కొందరికి వింతగా తోచి ఉండవచ్చు, కానీ ఆ ప్రశ్నకు జవాబు వెతకాల్సింది అక్కడే.

అందుకు ఆమె ఎంచుకున్న పనిముట్టు ఎం13 అనే వైరస్. దీని పొడవు సుమారు 880 నానోమీటర్లు, వెడల్పు ఆరేడు నానోమీటర్లు. ఇది ఈ. కోలై బ్యాక్టీరియాకే సోకుతుంది, మనుషుల జోలికి రాదు. కొసన ఒక్కో రకం ప్రొటీన్ ముక్క ఉన్న కోట్ల వైరస్‌లను సెమీకండక్టర్ స్ఫటికం మీద వదులుతారు. అంటుకోనివి కడిగినప్పుడు పోతాయి. అంటుకున్నవాటిని విడదీసి, బ్యాక్టీరియాలో పెంచి, మళ్లీ అదే పరీక్ష పెడతారు. కొన్ని విడతలయ్యాక గట్టిగా పట్టుకునేవే మిగులుతాయి. పరిణామక్రమానికి యుగాలు పట్టే ఎంపిక ఇక్కడ వారాల్లో ముగుస్తుంది. ఇలా దొరికిన ముక్కలు గాలియం ఆర్సెనైడ్‌ను, సిలికాన్‌ను వేరువేరుగా గుర్తుపడతాయని 2000లో ‘నేచర్’లో వచ్చిన పత్రం చూపింది.

2002లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి మారాక బెల్చర్ బృందం వైరస్‌తో బ్యాటరీ భాగాల తయారీకి దిగింది. ఎం13 ఒంటిని సుమారు 2,700 ఒకే తరహా ప్రొటీన్లు కప్పి ఉంటాయి. వాటి జన్యువును మారిస్తే ఒళ్లంతా కోబాల్ట్ అయాన్లను లాగుతుంది. 2006లో ఇలా గది ఉష్ణోగ్రత దగ్గరే కోబాల్ట్ ఆక్సైడ్ తీగలు పేర్చి లిథియం బ్యాటరీకి ఆనోడ్ చేశారు. క్యాథోడ్ కొంచెం చిక్కు సమస్య. అందులో వాడే ఐరన్ ఫాస్ఫేట్‌లో విద్యుత్తు సరిగా పారదు. అందుకని రెండు జన్యువులు మార్చారు. వైరస్ ఒంటి మీద ఐరన్ ఫాస్ఫేట్ పేరుకుంటుంది, కొసన ఉన్న ప్రొటీన్ కార్బన్ నానోట్యూబును పట్టుకుంటుంది, విద్యుత్తుకు దారి ఆ గొట్టమే. 2009లో ఈ క్యాథోడ్ వివరాలు ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. అదే ఏడాది నమూనా బ్యాటరీ వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు ఒబామా కంటపడింది.

తరవాత ఈ పద్ధతి ఇతర రంగాలకూ పాకింది. 2011లో వైరస్‌తో నానోట్యూబులను పేర్చి ఒక రకం సౌరఘటం సామర్థ్యాన్ని 8 శాతం నుంచి 10.6 శాతానికి పెంచారు. నానోట్యూబులు మోసే వైరస్‌లతోనే, ఎలుకల్లో మిల్లీమీటరు కన్నా చిన్న అండాశయ క్యాన్సర్ గడ్డలు శస్త్రచికిత్సలో కనబడేలా చేశారు.

వైరస్ బ్యాటరీ మాత్రం ఇంకా దుకాణాల్లో దొరికే వస్తువు కాలేదు. ప్రయోగశాలలో నాణెమంత బ్యాటరీ చేయడం వేరు, కార్ఖానాలో టన్నుల లెక్కన చేయడం వేరు. అమ్మకాల లెక్కతో కొలిస్తే ఆమె పరిశోధన సాధించింది తక్కువగానే కనిపిస్తుంది. పదార్థాల తయారీని వండటం నుంచి పెంచడం వైపు మళ్లించడమే ఆమె చేసిన అసలు పని.