వచ్చి పోవువారు సభ్యులగుట ఎట్లు?

గ్రంథాలయమునకు వచ్చువారు రెండు విధములుగా నుందురు. దినపత్రిక చదివి, గడియారము వంక చూచి లేచిపోవువారు కొందరు. పేరు వ్రాయించుకొని, పుస్తకమును ఇంటికి తీసికొనిపోయి, గడువులోపల తెచ్చియిచ్చి, మరియొకటి అడుగువారు కొందరు. మొదటివారు అతిథులు, రెండవవారు ఇంటివారు. అతిథులను ఇంటివారినిగా చేయుట ఎట్లు అనునది తణుకు వంటి డెల్టా పట్టణములందు గ్రంథాలయముల మేలు కోరువారందరును ఆలోచింపవలసిన విషయము.

పత్రిక చదివి పోయిన మాత్రమున నష్టమేమి అని అడుగవచ్చును. సభ్యుడు కానివానికి గ్రంథాలయము తలుపులు తెరచియున్న వేళలలో మాత్రమే ఉపయోగపడును. ఆ వేళకు పొలమునకో దుకాణమునకో పోవలసినవానికి, వంటయింటి పని తెమలని గృహిణికి, నడువలేని వృద్ధునకు అది ఉండియు లేనట్లే. ఇంటిలో ఒక్కరు సభ్యులైనచో పుస్తకము ఇల్లు చేరును. తండ్రి తెచ్చిన పుస్తకమును తల్లి మధ్యాహ్నము చదువును. పిల్లవాడు రాత్రి చదువును. ఒక్క సంతకముతో ఒక కుటుంబమునకు చదువు సమకూరును.

ఈ సంగతిని మన పెద్దలు ఏనాడో గ్రహించిరి. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమై తమ సంఘమును స్థాపించుకొనిరి. ఆ సభకు అధ్యక్షత వహించిన చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు తణుకునకు అనతిదూరమున నున్న ఖండవల్లిలో జన్మించినవారు. ఆ ఉద్యమమునకు జీవితమును ధారపోసిన అయ్యంకి వెంకటరమణయ్యగారును గోదావరి మండలపు కొంకుదురువారే. నాటి పల్లె గ్రంథాలయములు పెక్కు ప్రభుత్వ ధనముతో కాక, ఊరివారి చందాలతోను విరాళములతోను వెలసినవి. కనుక సభ్యులను చేర్చుట నాటి కార్యకర్తలకు అలంకారము కాదు. గ్రంథాలయమునకు ప్రాణమే అది.

వారు జనము వచ్చువరకు కాచుకొని కూర్చుండలేదు. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. పడవ ప్రయాణము మందగమనము. ప్రయాణికునకు తీరిక మెండు. ఆ తీరిక వేళ పుస్తకము చేతికందినచో చదువనివాడు సైతము పుటలు త్రిప్పును. మనిషికి తీరికయు అవసరమును ఎచ్చట నున్నవో అచ్చటికి పుస్తకమును కొనిపోవలయునన్నది దీనివలన మనము నేర్వదగిన పాఠము.

నేడు చేరుటకు వెనుదీయువారి మనస్సున సాధారణముగా మూడు సందేహము లుండును. మొదటిది ఖర్చు. సభ్యుడు కట్టు ధరావతు ఖర్చు కాదు. సభ్యత్వము మానుకొన్ననాడు తిరిగి చేతికి వచ్చు సొమ్ము. మరియొక సంగతి గూడ చెప్పవలయును. 1948 నాటి మద్రాసు చట్టము వలనను, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము వలనను మనము చెల్లించు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు సెస్సు వసూలగుచున్నది. అది నేడు రూపాయికి 8 పైసలు. అనగా ఇంటిపన్ను కట్టు ప్రతి గృహస్థుడును గ్రంథాలయమునకు ఇదివరకే సొమ్ము ఇచ్చుచున్నాడు. వండించుటకు వంతు ఇచ్చి విస్తరి ముందు కూర్చుండక పోవుట ఏమి వివేకము?

రెండవది భయము. పుస్తకము పోయినచో ఏమగునో, పిల్లలు చింపినచో ఎవరేమందురో, పూచీ సంతకమునకు ఎవరిని అడుగవలయునో అను సంకోచము. ఈ నిబంధనలు చెప్పవలసినవే గాని, మొట్టమొదట చెప్పవలసినవి కావు. గడప దాటకమునుపే జరిమానా మాట వినబడినచో ఎవరు లోపలికి వత్తురు?

మూడవది, అన్నిటికంటె బలమైనది: “నాకు పనికివచ్చునది అక్కడ ఏమున్నది?” అను ప్రశ్న. “పుస్తకపఠనము విజ్ఞానదాయకము” అను ఉపన్యాసము దీనికి సమాధానము కాదు. అడిగినవాని చేతిలో అతనికి తగిన పుస్తకమును పెట్టుటయే సమాధానము. గ్రంథాలయ శాస్త్రమునకు పితామహులైన రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన ఐదు సూత్రములలో పాఠకునకు తగిన పుస్తకమును చేర్చుట ఒకటి. పుస్తకమునకు తగిన పాఠకుని వెదకుట మరియొకటి. 1947లో ఆంధ్రా షుగర్స్ స్థాపితమైన ఊరు తణుకు. చెఱకు పండించువానికి పైరు తెగుళ్లను గూర్చిన పుస్తకము చూపవలయును. ఉద్యోగ పరీక్షకు కూర్చుండు యువకునకు ఆ పరీక్షకు వలసినది చూపవలయును. సాహిత్యాభిలాష గలవానికి, ఈ పొరుగునే మండపాకలో పుట్టిన దేవరకొండ బాలగంగాధర తిలక్‌గారి కవితలను చేతికీయవలయును. తన ఊరి కవి పుస్తకమును ఇంటికి కొనిపోవలయునని తోచిన క్షణమే సభ్యత్వపు మాట ఎత్తుటకు తగిన క్షణము.

రేడియోవారమైన మాకును ఇట్టి చిక్కే గలదు. వినువారు పెక్కుమంది, తాము మా వారమని తలచువారు కొందరే. ఈ భేదమెంతటిదో ఒక ప్రయోగము తెలిపినది. 1956లో ఆకాశవాణి యునెస్కో సహాయముతో నాటి బొంబాయి రాష్ట్రమున 150 గ్రామములందు రైతుల శ్రవణ సంఘములను ఏర్పరచినది. పది వారములలో ఇరువది ప్రసారములు సాగినవి. సంఘమునకు ఇంచుమించు ఇరువదిమంది. వారు కలిసి విని, చర్చించి, తమ ప్రశ్నలను కేంద్రమునకు వ్రాసిరి. రేడియో ఉండియు సంఘములేని గ్రామములతో పోల్చి చూడగా, సంఘములున్నచోట రైతుల తెలివిడి ఎంతో అధికముగా పెరిగినట్లు తేలినది. పెట్టె ఒక్కటే, మాట ఒక్కటే. చేరికవలన ఫలము మారినది. తరువాత 1959 నుండి ఇట్టి సంఘములు దేశమందు ఇతర ప్రాంతములకును వ్యాపించినవి.

దీనినిబట్టి పేరు వ్రాయించుటతో పని ముగియదని తెలియుచున్నది. చేరిన తొలి పక్షమే ముఖ్యమైనది. ఆ పదునైదు దినములలో కొత్త సభ్యుని ఒకరు పేరుపెట్టి పలుకరింపవలయును. మొదటి పుస్తకము ఎట్లున్నదని అడుగవలయును. తెప్పింపదగిన పుస్తకములను సూచింపుమని కోరవలయును. అడిగినవారికి తనపై గౌరవమున్నదని తోచినచో మనిషి మరల వచ్చును. మొగమాటముచేత చేరినవాడు పుస్తకము మార్చుకొనుటకు రాడు. కావున బలవంతము వలదు. లేనిది ఉన్నదని చెప్పుటయు వలదు. నూరు పుస్తకములున్నచోట వేయి యున్నవని చెప్పి చేర్చుకొన్నవానిని రెండవమారు పిలుచుట కష్టము.

ఈ పిలుపు గ్రంథపాలకుని ఒక్కని పని కాదు. సభ్యులైనవారు తమ పొరుగువారిని ఒక్కమారు వెంటబెట్టుకొని పోయినచో, ఏ ప్రకటనయు చేయలేని పని జరుగును. ఇంకను సభ్యులు కానివారు ఈ ఆదివారము ఇంటిలో ఎవరికి ఏ పుస్తకము కావలయునో ఒక చీటీపై వ్రాసికొని, గ్రంథాలయము తెరచిన దినమున వెంట తీసికొని పొండు. పత్రిక చదువుట ముగియగానే ఆ చీటీని పుస్తకములిచ్చు బల్లమీద పెట్టుడు.