ఒకే బండిలో ఇంటిసామాను, వర్తకపు సరకు

బదిలీ ఉత్తర్వు అందిన ఉపాధ్యాయుని ఇంటిలో మొదట తలయెత్తు ప్రశ్న ఒక్కటే: సామాను ఎట్లు చేర్చుట? లారీ మొత్తము మాటాడుకొన్నచో సగము బండి ఖాళీగా పోవును. కిరాయి మాత్రము పూర్తిగా చెల్లింపవలెను. పార్సిలు ఆఫీసులో మూటలుగా వేసినచో కిరాయి తగ్గును. కాని ఆ మూటలు దారిలో ఎన్ని లారీలు మారునో, ఎన్నిమారులు క్రింద పడునో చెప్పుట కష్టము. ఊరు మారిన ప్రతి కుటుంబమునకును ఈ చిక్కు అనుభవమే.

దూరము వేల కిలోమీటర్లయినప్పుడు చిక్కు మరింత బిగియును. అమెరికాలో న్యూజెర్సీ నుండి టెక్సాసులోని డల్లాసునకు రోడ్డుమీద సుమారు 2,500 కిలోమీటర్లు. రెండుచోట్లను తెలుగు కుటుంబములు అనేకము కలవు. ఉద్యోగము కొరకు ఒకచోటి నుండి మరియొకచోటికి మారువారును కలరు. ఇట్టివారి కొరకు ఆ దేశములో ఒక మధ్యేమార్గము వాడుకలో ఉన్నది. వర్తకపు సరకు మోయు ట్రెయిలరులో కొంత భాగమును ఇంటిసామానునకు తీసికొనుటయే ఆ మార్గము. దీని వెనుకనున్న లెక్కయు, భౌతికశాస్త్రమును హైస్కూలు విద్యార్థికి అందుబాటులోనివే.

బండి నిండు విధము

ట్రెయిలరనగా సొంత ఇంజను లేని పెట్టెబండి. దానిని లాగు ముందుబండిని అక్కడ ట్రాక్టరందురు; ఇది పొలము దున్ను ట్రాక్టరు కాదు. ఈ పనికి తరచుగా వాడు ట్రెయిలరు పొడవు 28 అడుగులు. ఇట్టివి రెండింటిని ఒకదాని వెనుక ఒకటి తగిలించి, ఒకే ట్రాక్టరుతో అంతర్రాష్ట్ర రహదారులమీద నడుపుటకు 1982 నాటి సమాఖ్య చట్టము దేశమంతటను వీలు కల్పించినది.

రవాణా కంపెనీ ఖాళీ ట్రెయిలరును ఇంటిముందు నిలిపి పోవును. ఇంటివారు గాని, వారు కుదుర్చుకొన్న కూలీలు గాని, ముందుగోడ నుండి మొదలుపెట్టి వెనుకకు సామాను పేర్చుకొని వత్తురు. పేర్పు ముగిసినచోట చెక్కపలకలతో అడ్డుగోడ నిలిపి బిగింతురు. పిమ్మట కంపెనీ బండిని తీసికొనిపోయి, అడ్డుగోడకు వెనుకనున్న జాగాలో వర్తకుల సరకు నింపును. గమ్యము చేరిన తరువాత ముందుగా వర్తకపు సరకు దించి, ట్రెయిలరును క్రొత్త ఇంటిముందు నిలుపును.

టిఫిను కారియరులో మొదట పెట్టిన అడుగుగిన్నె చివర బయటికి వచ్చును. ఇక్కడను అంతే. మొదట ఎక్కిన ఇంటిసామాను చివర దిగును. కావున దారిలో దానిని ముట్టుకొను పని సాధారణముగా ఉండదు. పెట్టెలు పగులుట ఎక్కువగా దించి ఎక్కించునప్పుడే జరుగును. ఆ ప్రమాదము ఈ విధముగా తగ్గును.

కిరాయికి కొలబద్ద

ఈ పద్ధతిలో కిరాయిని సాధారణముగా బరువునుబట్టి గాక, సామాను ఆక్రమించిన నేల పొడవునుబట్టి కట్టుదురు. బరువు చాల ఉండు సామానునకు ఆ నేలమీద ఒక హద్దు మాత్రము ఉండును. ట్రెయిలరు లోపలి వెడల్పు సుమారు 8 అడుగులు, ఎత్తు సుమారు 9 అడుగులు అనుకొందము. అప్పుడు ఒక్క అడుగు పొడవులో 8 × 9 × 1 = 72 ఘనపుటడుగుల జాగా ఉండును.

ఒక కుటుంబపు సామాను 432 ఘనపుటడుగులు అనుకొందము. పైకప్పు తగులునట్లు సందు లేకుండ పేర్చినచో, 432ను 72తో భాగింపగా 6 అడుగుల పొడవు చాలును. 6 అడుగుల ఎత్తుతోనే ఆపినచో, అడుగు పొడవునకు 48 ఘనపుటడుగులే పట్టును; 9 అడుగుల పొడవు కావలసివచ్చును. సామాను అదే, కిరాయి మాత్రము ఒకటిన్నర రెట్లు. కుర్చీలు, బల్లలు ఉన్న ఇంటిలో సందు లేని పేర్పు సాధ్యము కాదు గాని, పైన మిగిలిన ప్రతి అడుగునకును క్రింద కిరాయి చెల్లింపవలసినదే.

కంపెనీకి ఖాళీజాగా మీద ఇంత పట్టుదల ఏల? వేగముగా పోవు పెద్దబండి తన ఇంజను చేయు పనిలో పెద్దపాలు గాలి నిరోధమును జయించుటకే ఖర్చు చేయును. ఆ నిరోధము బండి బయటి ఆకారమునుబట్టి, వేగమునుబట్టి ఉండును. లోపల సరకు ఉన్నదా, లేదా అనుదానితో దానికి పని లేదు. సగము ఖాళీగానున్న బండికి సగము ఇంధనము చాలదు. డ్రైవరు జీతమును సగము కాదు. అంతర్రాష్ట్ర రహదారులమీద బండి, సరకు కలిసి 80,000 పౌండ్లకు, అనగా సుమారు 36 టన్నులకు మించరాదు. పరుపులు, సోఫాలు గల ఇంటిసామాను బరువు తక్కువ, పరిమాణము ఎక్కువ. బరువు హద్దు చేరకముందే జాగా నిండిపోవును. అందుచేత జాగాయే ఇక్కడ అమ్ముడుపోవు వస్తువు.

బ్రేకు పడినప్పుడు

ఖాళీజాగా ధనమును మాత్రమే కాదు, వస్తువులను కూడ హరించును. గంటకు 90 కిలోమీటర్ల వేగము సెకండునకు 25 మీటర్లు. ఆ వేగముతో పోవు బండి 5 సెకండ్లలో ఆగినచో, దాని వేగము ప్రతి సెకండునకు 5 మీటర్ల చొప్పున తగ్గును. లోపలనున్న 40 కిలోగ్రాముల పెట్టె జడత్వముచేత ముందునకే పోగోరును. దానిని బండితోపాటు ఆపుటకు 40 × 5 = 200 న్యూటన్ల బలము కావలెను. నేలకును పెట్టెకును నడుమ ఘర్షణ గుణకము 0.3 అనుకొని, గురుత్వ త్వరణమును 10గా తీసికొన్నచో, ఘర్షణ ఇచ్చు బలము 0.3 × 40 × 10 = 120 న్యూటన్లు మాత్రమే. పెట్టె జారక తప్పదు.

“బీరువా బరువైనది, కదలదు” అని అనేకులు ధైర్యపడుదురు. బరువు రెట్టించినచో ఘర్షణయు రెట్టించును; కాని ఆపుటకు కావలసిన బలమును రెట్టించును. కావున బరువు రక్షణ నీయదు. పెట్టె జారినచోట బీరువాయు జారును, మరింత బలముగా గ్రుద్దును.

ముందున్న వస్తువునకును ఈ పెట్టెకును నడుమ ఒక మీటరు సందు ఉన్నదనుకొందము. బండి దృష్ట్యా పెట్టె త్వరణము 5 − 3 = 2. మీటరు జారునప్పటికి దాని వేగము సెకండునకు 2 మీటర్లగును. అది 20 సెంటీమీటర్ల ఎత్తునుండి పడుటతో సమానము. అమెరికా రవాణా నియమముల ప్రకారము, సరకు కట్టు ముందువైపునకు గురుత్వ త్వరణములో 0.8 వంతు త్వరణమును తట్టుకొనవలెను. అంత గట్టిగా బ్రేకు పడినచో అదే లెక్క 50 సెంటీమీటర్ల పతనమును చూపును. సందే లేకున్నచో పెట్టెకు వేగము పుంజుకొను అవకాశము లేదు. ముందున్న వస్తువు దానిని ఆనుకొనియుండి ఆపును. దెబ్బకు బదులు ఒత్తిడి మాత్రమే కలుగును.

కుంచము తట్టినట్లు

ధాన్యము కొలుచువారు కుంచమును తట్టినచో గింజలు సర్దుకొని మట్టము దిగును. రోడ్డుమీద బండి అదురు సామానునకు ఈ పనినే రోజులతరబడి చేయును. ఇంటివద్ద బిగువుగా తోచిన పేర్పు దారిలో క్రుంగును, కట్టిన త్రాడు వదులగును. ఇందువలన కొన్ని నియమములు ఏర్పడుచున్నవి. అట్టపెట్టెలో గిన్నెల నడుమ సందులను కాగితముతో గాని, పాత చీరెలతో గాని నింపవలెను. పలుచని పళ్లెములను పడుకోబెట్టక నిలువుగా పేర్చవలెను. పిండి రుబ్బు గ్రైండరు నుండి రాళ్లను తీసి వేరుగా చుట్టవలెను. బరువైనవి అడుగున, రెండు ప్రక్కలకును సమముగా ఉండవలెను. బరువు పైకెక్కినచో గురుత్వ కేంద్రము పైకిపోయి, మలుపులలో బండి ఒరుగు ప్రమాదము పెరుగును. రెండు మూడు అడుగులకొకమారు అడ్డముగా త్రాళ్లు బిగించి, ఒక్కొక్క వరుసను ఒక్కొక్క గోడవలె నిలుపుట మంచిది. గ్యాసు సిలిండరు, పెట్రోలు, రంగుల డబ్బాలు ఎక్కింపరాదు. మూసిన బండి ఎండలో వేడెక్కును, ప్రమాదము ప్రక్క సరకునకును ప్రాకును.

మన లారీలలోని పార్టు లోడునకును ఈ నియమములే వర్తించును. విశాఖపట్నము నుండి ఆదిలాబాదు పోవు పుస్తకాల పెట్టెకైనను, డల్లాసు పోవు అమ్మమ్మగారి ఇత్తడి దీపపుసెమ్మెకైనను జడత్వము ఒక్కటే.

తరగతిలో ఒక ప్రయోగము

ఒకే రకపు సుద్దముక్కల డబ్బాలు రెండు తీసికొనవలెను. ఒకదానిలో పది సుద్దముక్కలు ఉంచి, మిగిలిన జాగాను నలిపిన కాగితముతో నింపవలెను. రెండవదానిలో పది ముక్కలు మాత్రమే వేసి మూయవలెను. రెండింటిని ఒకే పళ్లెములో కదలకుండ కట్టి, బల్లమీద వేగముగా లాగి, గోడకు తగిలించి ఆపవలెను. ఇట్లు ఇరువదిసారులు చేసి, డబ్బాలు తెరచి విరిగిన ముక్కలు లెక్కింపవలెను. వేగమొక్కటే, దెబ్బ ఒక్కటే, సుద్ద ఒక్కటే. రెండు లెక్కలలోను తేడా కనబడినచో అది ఖాళీజాగా చేసిన పనియే అని విద్యార్థులు తామే చెప్పగలరు.