వార్తల్లో పదం: సుడో

2025 అక్టోబరులో విడుదలైన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 25.10లో పాత ‘సుడో’ స్థానంలో రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలో కొత్తగా రాసిన సుడో వచ్చింది. దాంతో ఈ చిన్న కమాండ్ మళ్లీ చర్చకెక్కింది.

లినక్స్‌లో ‘రూట్’ ఖాతాకు అడ్డూ అదుపూ ఉండదు. సిస్టమ్ మొత్తాన్ని ఒక్క కమాండ్‌తో తుడిచేయగలదు. అందుకే రోజువారీ పనికి మామూలు ఖాతా వాడి, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడం లాంటి పనులకే కమాండ్ ముందు సుడో చేరుస్తారు. అది సాధారణంగా రూట్ పాస్‌వర్డ్ కాదు, మన పాస్‌వర్డే అడుగుతుంది. ఎవరికి ఏ అధికారం ఉందో ‘సుడోయర్స్’ ఫైలులో చూసుకుంటుంది. ఎవరు ఏ కమాండ్ ఇచ్చారో లాగ్‌లో రాసిపెడుతుంది. నలుగురు అడ్మిన్లు పంచుకునే సర్వర్‌లో ఈ లాగ్ విలువ ఇంతా అంతా కాదు.

సుడో 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలోలో, న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పుట్టింది. 2021 జనవరిలో బయటపడిన ‘బేరన్ సేమెడిట్’ లోపం అందులో దాదాపు పదేళ్లు దాగి ఉంది. దాని ద్వారా మామూలు యూజర్ కూడా రూట్ అధికారం పొందగలిగేవాడు. అది మెమరీకి సంబంధించిన తప్పు. అలాంటి వాటిని చాలావరకు ముందే అడ్డుకుంటుందనే రస్ట్‌ను ఎంచుకున్నారు.

కొత్తగా నేర్చుకునేవారు సుడోయర్స్ ఫైలును ‘విసుడో’ కమాండ్‌తోనే మార్చాలి. రాతలో తప్పుంటే అది సేవ్ చేసేముందే హెచ్చరిస్తుంది.