ప్రాజెక్టు వ్రాసే పిల్లలకు తల్లి అడగవలసిన ప్రశ్నలు



కాలేజీల్లో, యూనివర్సిటీల్లో చదివే పిల్లలు ప్రాజెక్టులు వ్రాయాలి కదా! ఫోను తెరిచి నాలుగు చోట్ల నాలుగు పేరాలు ఎత్తి అతికించి, "అయిపోయిందమ్మా" అంటారు. తీరా పరీక్షకులు "ఇది నీకెలా తెలుసు?" అంటే నోట మాట రాదు. మార్కులు పోవడం ఒక ఎత్తు. విన్నదల్లా నమ్మే అలవాటు మిగిలిపోవడం ఒక ఎత్తు. రేపు మందుల విషయంలోనూ, డబ్బు విషయంలోనూ ఆ అలవాటే కొంప ముంచుతుంది. నిజానిజాలు వెతికి తేల్చుకునే ఈ విద్యకు సమాచార అక్షరాస్యత అని పేరు. పేరు పెద్దదే గాని, బియ్యం చేటలో చెరిగి రాళ్ళేరే మనకు కొత్తదేమీ కాదు.

ఒక ఉదాహరణ చూడండి. 'రాయలసీమ' అన్న పేరు ఎవరు పెట్టారు? గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారని కొందరు వ్రాస్తారు. 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావుగారు సూచించారని మరికొందరు వ్రాస్తారు. మీ అమ్మాయి ఏది వ్రాయాలి? ముందు కనిపించినదా? కాదు. చెప్పినవారెవరు, ఎప్పుడు వ్రాశారు, దేన్ని ఆధారం చేసుకున్నారు అని చూడాలి. పదిచోట్ల ఉన్నంత మాత్రాన పది సాక్ష్యాలు కావు. ఒకరిని చూసి ఒకరు వ్రాసి ఉండవచ్చు. ఆ రోజుల నాటి పత్రికలు, సభల వివరాలు దొరికితే వాటికే ఎక్కువ విలువ. అప్పటికీ తేలకపోతే రెండు మాటలూ ఆధారాలతో వ్రాయాలి. అది చేతకానితనం కాదు, నిజాయితీ.

వెతకడంలోనూ ఒడుపుంది. 1928కి ముందు కాగితాల్లో 'రాయలసీమ' అని వెతికితే ఏం దొరుకుతుంది? 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి వదులుకున్న ప్రాంతం కనుక అప్పట్లో వీటిని దత్తమండలాలనీ, సీడెడ్ జిల్లాలనీ అనేవారు. ఆ మాటలతో వెతకాలి. అలాగే పాత పుస్తకాల్లో నంద్యాల, ఆళ్లగడ్డ కర్నూలు జిల్లాలో ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. పుస్తకం తప్పు చెప్పలేదు. దాని కాలం వేరు. అందుకే అచ్చయిన సంవత్సరం మొదట చూడమనండి.

ఇక ఆళ్లగడ్డ అనగానే రాతి విగ్రహాలు చెక్కే శిల్పులు గుర్తొస్తారు. "ఆళ్లగడ్డ శిల్పకళ" అన్న అంశం మరీ పెద్దది. "శిల్పుల పిల్లలు ఈ పని నేర్చుకుంటున్నారా?" అని అడిగితే దారి దొరుకుతుంది. దీనికి జవాబు ఫోనులో ఉండదు. వెళ్ళి, అనుమతి అడిగి, శిల్పుల మాటల్లోనే వ్రాసుకోవాలి. ఒక్కరినే అడిగి ఊరంతటి మాటగా వ్రాయకూడదు.

చదివిన ప్రతి విషయాన్నీ చిన్న చీటీమీద ఎక్కించమనండి: పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం, పేజీ. ఎదుటివారి వాక్యం యథాతథంగా వ్రాసుకుంటే కొటేషన్ గుర్తులు పెట్టాలి. లేకపోతే నెల తిరిగేసరికి అది తన వాక్యమే అనిపిస్తుంది, తెలియకుండానే దొంగతనమవుతుంది. కాలేజీ లైబ్రేరియన్‌ను అడగడానికి మొహమాటపడవద్దని కూడా చెప్పండి.

మనకు ఆ సబ్జెక్టు రాకపోయినా ఫరవాలేదు. కేకలు వేయకుండా మూడే ప్రశ్నలు అడగండి: "ఎవరన్నారు? ఎప్పుడన్నారు? ఇంకెక్కడైనా చూశావా?" వంటింట్లో పని చేసుకుంటూనే అడగవచ్చు. రోజూ అడిగితే, కొన్నాళ్ళకు ఆ ప్రశ్నలు పిల్లలే తమకు తాము వేసుకుంటారు.